ఎవరికైనా చూపించారా

"తమ్మున్ని లేపాల్నా బిడ్డా" అని మల్లక్క అడగడమే ఆలస్యం, వద్దు వద్దంటూ మెహనాజ్ చెయ్యి అడ్డం పెట్టేసింది. అంత తొందరగా వద్దనడం చూసి ఆమెకు ఏమనిపించిందో, లోపలి గది తలుపు ఓరగా వేసి, "నిన్నటి సంది ఒక్కటే అడుగుడు, మెహనాజ్ రేపే గదా వస్తాంది, సంతకం రేపే గదా అని. తిన్నంక గిప్పుడే కన్ను పడ్డది. జరసేపు కూసో, ఛాయ్ పెడుత" అని వంటింట్లోకి పోయింది. హసన్‌పర్తిలోని ఆ ఇంటి ముందుగదిలో, పేముకుర్చీలో, ఒళ్లో నీలం ఫైలుతో మెహనాజ్ ఒక్కతే మిగిలింది. ఫైల్లో ఉన్నది సారంగపాణి సార్ పేటెంటు దరఖాస్తు. ఆయన బతుకంతా చేసిన పనిని ఆ కాగితాల్లో కూర్చి రాసింది తనే, ఒకప్పుడు ఆయన దగ్గర కెమిస్ట్రీ పరిశోధన చేసిన పిల్ల, ఇప్పుడు పేటెంటు ఏజెంటు. సంతకం ఒక్కటే తక్కువ. సంతకానికి ముందు అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది. పేటెంటు కావాలని వచ్చి ఎదురుగా కూర్చున్న ప్రతి మనిషినీ మొట్టమొదట అడిగే ప్రశ్న, మంచినీళ్లు తాగుతారా అన్నంత తేలిగ్గా అడిగే ప్రశ్న: దీన్ని ఇంతకుముందు ఎవరికైనా చూపించారా? సార్‌ను మాత్రం ఇన్నాళ్లూ అడగలేదు. జవాబు తెలుసు గనకే అడగలేదు. ఆయన లేవగానే అడగాలి, లేదా అడక్కుండానే సంతకం పెట్టించుకుని బస్సెక్కాలి. ఆయన ఇంకాసేపు లేవకుంటే బాగుండుననుకుంది. జబ్బు మనిషి నిద్ర గురించి అదేం పాడు ఆలోచన అని వెంటనే నాలుక కరుచుకుంది.

ఫ్యాన్ ఉండుండి కిర్రుమంటోంది. తలుపు సందులోంచి సార్ గురక సన్నగా వినబడుతోంది, వినబడినంతసేపూ ధైర్యంగానే ఉంది. గూట్లో కోనికల్ ఫ్లాస్కు, అందులో మనీప్లాంటు తీగ. పక్కన పుర్రె గుర్తున్న గోధుమరంగు సీసా, అందులో మల్లక్క చింతపండు. పుర్రెబొమ్మ చూస్తే పక్కింటివాళ్లు చేబదులు అడగరని ఆమె ధీమా. రిటైరైన నాడు సార్ కాలేజీ నుంచి ఇంటికి తెచ్చుకున్న ఆస్తి ఆ రెండే. పెళ్లి చేసుకోలేదు, ఈ ఇల్లయినా అక్క పోరగా పోరగా కట్టారు. ఆయన దగ్గర చదివిన పిల్లలందరికీ ఆ అక్క, అమ్మకంటే పెద్దదైనా, మల్లక్కే. ఆ ఫ్లాస్కు లోపలి గోడ మీద సన్నటి గీతలుంటాయి. ఇక్కణ్నుంచి కనబడవు గానీ ఉన్నాయని మెహనాజ్‌కు తెలుసు, గీసింది తను గనక. రోజంతా కష్టపడి చేసిన పదార్థం బెల్లం పాకంలా జిగటగా మిగిలిపోయి, స్ఫటికం కట్టనని మొండికేస్తే, గాజుకడ్డీతో ఫ్లాస్కు గోడను గీకాలి. గీకితే ఎందుకు కడుతుందో ఒక్కో పుస్తకం ఒక్కో తీరుగా చెబుతుంది. సార్ మాత్రం, "ఊకె చూస్తె రాదు బిడ్డా, గీకు. గీకితె దానికి యాదికొస్తది" అనేవారు. ఒక సాయంత్రం అట్లా గీకి గీకి చెయ్యి నొప్పిపుట్టి ఇక వదిలేద్దామనుకున్నప్పుడు, కడ్డీ కొసన తెల్లగా ఒక్క నలుసు పుట్టింది, చూస్తుండగానే ఫ్లాస్కంతా తెల్లబారిపోయింది. అరుద్దామనిపించింది. అంత సంతోషం తన బతుకులో మళ్లీ రాలేదని ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని ఒప్పుకోవాల్సి వస్తోంది. పెళ్లయింది, పరీక్ష పాసైంది, హన్మకొండలో సొంత ఆఫీసు గది పెట్టుకుంది, అన్నీ సంతోషాలే. అయినా అది వేరు.

ల్యాబులో ఉండడానికి చేతులు ఒప్పుకోలేదు, అంతే. రెండు అణువుల్ని అతికించడానికి వాడే మైనంలాంటి తెల్లటి మందు ఒకటుంది, ల్యాబుల్లో అందరూ వాడేదే. అది ఒంటికి పడకపోతే పడదు. మొదట వేళ్ల సందుల్లో దురద, తర్వాత బొబ్బలు, తర్వాత కళ్లు వాచి రెప్పలు తెరుచుకోని రోజు. రెండు జతల గ్లౌజులు వేసుకుంది, పక్క గదిలో కూర్చుని చేసింది, ఆఖరికి ఎవరో ఆ సీసా మూత తీసినా తన మెడ మీద దద్దుర్లు లేచేవి. దీన్ని ఒంటితోలు ఒకసారి గుర్తుపట్టిందంటే ఇక జన్మలో మరిచిపోదమ్మా, ల్యాబు మానెయ్యడమే మందు, అన్నాడు చర్మం డాక్టరు. సార్ ఆ రోజు కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఇంటికి పోతే అబ్బ ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని కొబ్బరినూనె రాస్తూ ఏడ్చాడు. తండ్రిని అబ్బ అంటుంది తను, పేరు జానీ మియా. తొర్రూరు చుట్టుపక్కల పత్తిచేలకు మందు కొట్టే కూలి, పంపు భుజానేసుకుని పుట్టాడా అన్నట్టుండేవాడు. మోచేతుల దాకా తోలు కాలి, పొక్కి, మచ్చలు మచ్చలుగా ఉండేది. "ఇడిసిపెట్టు బిడ్డా" అన్నాడు. "మందు తోని తోలు పోగొట్టుకునుడు మన ఇంట్ల నాతోనే ఆఖరు కావాలె." డాక్టరు మాటకు కాదు, ఆ మాటకు ఇడిసిపెట్టింది. ఇడిసిపెట్టాక ఏం చెయ్యాలో తెలియక రోజంతా పడుకుని ఉంటే, సారే పేటెంటు ఏజెంటు పరీక్ష సంగతి తెలుసుకుని వచ్చి, చేతులు పెట్టకుండా కెమిస్ట్రీతో ఉండే కొలువు ఇదొక్కటే బిడ్డా అని చెప్పారు. తలుపు మూసుకున్న చోట కిటికీ చూపించిన మనిషి ఆయన. ఆయనకే ఇప్పుడు ఆ కిటికీలోంచి తను అడ్డంగా చెయ్యి పెట్టాల్సి వచ్చింది.

చట్టం భాష మొదట్లో పళ్లకింద రాయిలా ఉండేది. సదరు సమ్మేళనము, సదరు విధానము, ఇందులో పేర్కొనబడినట్టి. చట్టం ఒక మనిషిని ఊహించుకుంటుంది, వాడికి ఆ విద్యలో ప్రపంచంలో ఉన్నదంతా తెలుసు, సొంత బుర్ర మాత్రం పిసరంత కూడా ఉండదు. అట్లాంటి వాడికి తట్టనిదైతేనే పేటెంటు. అట్లాంటివాళ్లను తను కాలేజీలో బోలెడుమందిని చూసిందని సార్‌తో అంటే పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత్తర్వాత అలవాటైంది, పేరూ వచ్చింది. మందుల కంపెనీలవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. వాళ్ల పదార్థాల గురించి పేజీలకు పేజీలు రాస్తుంది, వాటి రంగు తెలియదు, వాసన తెలియదు, గీకితే కడతాయో లేదో తెలియదు. పెళ్లికూతుర్ని చూడకుండానే పెళ్లిపాటలు పాడుతున్నట్టుంటుంది. అందుకే మొన్న మాఘంలో సార్ ఫోన్ చేసి, పక్షవాతం తర్వాత ముద్దముద్దగా అయిన మాటతో, "మన మందు రాయాలె బిడ్డా, నువ్వే రాయాలె" అన్నప్పుడు, ఇంకేమీ ఆలోచించకుండా రాస్తానంది. హైదరాబాదులో ఒక కంపెనీ ముందుకొచ్చిందట. పేటెంటు ఉంటేనే ముట్టుకుంటాం అన్నారట, రేపు ఎవడు పడితే వాడు చేసుకునేదానికి మేమెందుకు ఫ్యాక్టరీ పెడతాం అని. వాళ్లు ముట్టుకుంటే మందు చేలకు చేరుతుంది, సార్ కళ్లతో చూసుకుంటారు. రాయడానికి కూర్చున్న మొదటిరోజే తొర్రూరు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా రాసింది. ఏ వేడి దగ్గర ఏం కలపాలి, ఎప్పుడు తెల్లబారుతుంది, అన్నీ తన చేతులతో చేసినవే, రాస్తుంటే వేళ్లు మళ్లీ ఆ గాజును పట్టుకున్నట్టే ఉండేది. ఆ సుఖం వదులుకోలేకనే తెలిసీ తెలిసీ చివరి పేజీ దాకా వచ్చింది.

తొర్రూరు. తను ఇంకా ల్యాబులోనే ఉన్న ఏడు, పత్తి కాయపట్టే రోజులు, మబ్బుపట్టి ఉక్కగా ఉంది. మందు డబ్బాను సార్ ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే, కండక్టరు అదేం నెయ్యి సార్ అని అడిగాడు. సీతాఫలం గింజల్లోంచి తీసిన పదార్థం. ఆ గింజల పొడి పేలను చంపుతుందని ఊళ్లో ఏ అమ్మమ్మనడిగినా చెబుతుంది, కాకపోతే ఎండలో ఒక్కపూటకే పాడైపోతుంది. సార్ దానికొక చిన్న మార్పు చేసి ఎండకు నిలిచేట్టు చేశారు. కాయలో దూరి తినే గులాబీ పురుగు దాని ముందు ఆగలేదు, మనిషి తోలుకు ఏమీ కాదు. అబ్బ ఊరంతా తిరిగి రైతుల్ని బడి వరండాలోకి పోగేశాడు, మా బిడ్డ చేసిన మందు, మా బిడ్డ చేసిన మందు అని. రైతులేమో డబ్బా మూత ఎప్పుడు తీస్తారా అని చూస్తుంటే సార్ సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గరికి పోయారు, పాఠం చెప్పకుండా ఉండలేని మనిషి. అయిదు మూలల గడి ఒకటి గీసి, దానికి బోర్డు ఆ చివర దాకా పొడుగాటి తోక గీసి, తోకలో ఎక్కడ ముడి వేశారో, ఎట్లా వేశారో, ఏ మందు పోసి ఎంత వేడి పెట్టారో అంతా చెప్పారు. అబ్బ వెనక నుంచి, "పతంగి మంచిగున్నది సార్, ఇగ మందు చూపియ్యుండ్రి" అన్నాడు. వరండా అంతా ఘొల్లుమంది, సార్ కూడా నవ్వారు. వెంకట్రాజం అనే రైతు, చేతులు మండుతయా ముందు అది చెప్పుండ్రి అన్నాడు. దానికి జవాబుగా అబ్బ దోసిట్లో మందు పోయించుకుని మోచేతుల దాకా రుద్దుకున్నాడు, చిక్కగా ఉన్నది, నీళ్లు కలపనిది. ఏయ్ జానీ మియా ఏం జేస్తానవ్ అని సార్ కేక పెట్టారు. ఆయన గొంతు అంత పెద్దగా లేవడం మెహనాజ్ అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. అబ్బ రెండు చేతులూ పైకెత్తి అందరికీ చూపించాడు. "ఇన్నేండ్ల సంది దుకాణం మందులు కొట్టిన తోలు ఇది. గిది సల్లగున్నది" అన్నాడు. తర్వాత వెంకట్రాజం చేను గట్టు మీద పంపు ఎత్తుకుంటే ఊరు ఊరంతా వెనకాల నడిచింది. పోయేముందు సార్ మిగిలిన మందు సీసాల్లో పోసి రైతులకు పంచి ఒక మాట చెప్పారు. ఇది దాచుకునేది కాదు, ఎవలు చేసుకుంటమన్నా చెప్తం, పదిమందికి చెప్పుండ్రి.

ఆ మాటంత మంచి మాట మెహనాజ్ ఇంకొకటి వినలేదు. పేటెంటుకు అంతకంటే పాడు మాట కూడా ఇంకొకటి లేదు. దరఖాస్తు పెట్టకముందే పదిమంది ముందు బాహాటంగా చూపించి, చేసే తీరు చెప్పినదానికి పేటెంటు రాదు. పరీక్ష కోసం అట్లా చూపక తప్పలేదంటే ఏడాది లోపల దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ఏడాదిలోనే తన చేతులు పోయాయి, సార్ ఇంకొక పిల్లను పెట్టుకోలేదు, వ్యాసం రాస్తా రాస్తానంటూనే రిటైరయ్యారు, ఏడాదులు గడిచిపోయాయి. బోర్డు మీది పతంగి రైతులకు అర్థం కాలేదు గానీ చట్టం దృష్టిలో అర్థమైనట్టే లెక్క. మందు అందరిదీ అయిపోయింది. నిజంగా అయిందా అంటే అదీ లేదు. మొన్న మనసాగక తొర్రూరు పోయి వెంకట్రాజాన్ని అడిగింది. ముసలాయన చాలాసేపు ఆలోచించి, "ఏం మందు బిడ్డా? మీ నాయిన మంచోడు, అది యాదికున్నది" అన్నాడు. పిల్లలు దుకాణం నుంచి తెస్తాండ్రు, అదే కొడుతున్నరు, అన్నాడు. అక్కడ గట్టు మీద నిలబడి ఏడ్చింది, ఎందుకు దాచుకోవాలి. అందరిదైన మందు ఒక్క చేనులోనూ లేదు. అందరిదైనందుకు ఇక ఏ కంపెనీ చెయ్యదు కూడా. పంచిపెట్టినందుకే పంచిపెట్టడానికి లేకుండా పోయింది.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది. ఆ మాట రాత్రీ పగలూ చెవిలో పోరుతూనే ఉంది. రైతులు మరిచిపోయారు. కాగితం మీద ఎక్కడా లేదు. అబ్బ మట్టిలో కలిసిపోయాడు. ఊపిరితిత్తులు చెడి ఒక చలికాలం దవాఖానలో పడుకుని మళ్లీ లేవలేదు. మట్టికి మోసుకుపోయిన రోజు సారంగపాణి సార్ జనాజాకు భుజం పట్టారు, మల్లక్క వచ్చి అమ్మ పక్కన రాత్రంతా కూర్చుంది. ఇంక తెలిసింది ఇద్దరికి, తనకూ సార్‌కూ. తను కలం మూసేస్తే చాలు, పేటెంటు వచ్చినా రావచ్చు, మందు చేలకు చేరినా చేరవచ్చు. ఎప్పుడో ఎవడో పోటీ కంపెనీవాడు తొర్రూరులో ఒక ముసలివాణ్ని పట్టుకుని తవ్వితే అంతా కూలుతుంది, అప్పటికి సార్ ఉంటారా. ఆ లెక్కా వేసింది, వేసినందుకు తన మీద తనకే రోత పుట్టింది. రూలుకు భయపడిందా అంటే కొంత భయమే, సంతకం పెట్టించుకుంటే తన లైసెన్సు తాకట్టు పెట్టినట్టే. కానీ అసలు బాధ అది కాదు. ఎవరికీ చూపించలేదు అని రాయడమంటే, ఆ వరండా లేదని రాయడం. అబ్బ చేతులు పైకెత్తలేదని రాయడం. పంపు మోసి మోసి ఎవరి కంటా పడకుండా పోయిన మనిషిని ఊరంతా వెంట నడిచి చూసిన ఒకే ఒక్క పూట అది. దాన్ని కూతురే తుడిచెయ్యాలా. తుడిచేస్తే పత్తికి మేలు జరుగుతుందేమో గదా, పంపు మోసే ఇంకొకడి తోలు మిగులుతుందేమో గదా, అబ్బే ఉంటే తుడిచెయ్ బిడ్డా అనేవాడేమో గదా. ఏమో. తేల్చుకోలేకుండానే గురక ఆగిపోయింది.

ఆగిన మరుక్షణం మెహనాజ్ కుర్చీలోంచి సగం లేచింది. తర్వాత దగ్గు, మంచం కిర్రు, "అక్కా, ఎవలొచ్చిండ్రు" అన్న మాట. సార్ గోడ పట్టుకుని ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చి ఎదురుకుర్చీలో కూర్చున్నారు. జేబులో పెన్ను పెట్టుకునే పడుకున్నట్టున్నారు, చొక్కాకు సిరా మరక అంటింది.

"తెచ్చినవా?"

"తెచ్చిన సార్." ఫైలు విప్పి ఆయన ముందు పెట్టింది. ఆయన జేబులోంచి పెన్ను తీసుకుని, మొదటి పేజీ మీద రెండో అరచెయ్యి ఆనించి అట్లాగే ఉంచుకున్నారు, జ్వరం చూస్తున్నట్టు. ఇప్పుడు అడక్కపోతే ఇక ఎప్పటికీ అడగలేనని తెలిసింది. "సంతకానికి ముందు ఒకటి అడగాలె సార్. అందరిని అడుగుత. మన మందు ఇంతకుముందు బయట ఎవలకన్న చూపెట్టినమా?"

"లేదు బిడ్డా" అన్నారు సార్, తడుముకోకుండా. "ఎక్కడ చూపెట్టినం? ల్యాబు గడప దాటనే లేదు గదా. ఇన్నేండ్లు చేసి ఒక్క మొక్క మీద సుత కొట్టలే. గదే నా బాధ. పండుకుంటె గదే యాదికొస్తది."

అబద్ధం కాదు. ఆ ముఖం తనకు తెలుసు, అబద్ధం ఆ ముఖం మీద నిలవదు. పక్షవాతం కొన్ని రోజుల్ని ఎత్తుకుపోయిందని మల్లక్క చెబుతూనే ఉంది, ఏ రోజుల్నో మాత్రం ఇప్పుడు తెలిసింది. ఆయనే లేదన్నారు. ఆ మాట అట్లాగే రాసుకోవచ్చు, ఏ కోర్టూ తప్పుపట్టదు. కానీ ఈ మనిషి, తన మందు ఒక్క మొక్కనూ తాకలేదనే బాధతో రోజూ పడుకుని రోజూ లేస్తున్నారు. మెహనాజ్ లేచి వచ్చి ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"చూపెట్టినం సార్. తొర్రూరుల. బడి వరండాల."

సార్ తల అడ్డంగా ఊపారు.

"బస్సుల డబ్బా ఒళ్లె పెట్టుకున్నరు, కండక్టరు నెయ్యా అన్నడు." ఆయన కళ్లలో ఏమీ లేదు. "బోర్డు మీద బొమ్మ గీసిండ్రు. మా అబ్బ పతంగి అన్నడు." పెదవి కొంచెం కదిలింది, ఆగిపోయింది. మెహనాజ్ తన చున్నీ అంచు పైకి తోసుకుని, రెండు చేతులూ మోచేతుల దాకా ఆయన ముందు చాపి, ఒకదాంతో ఒకటి రుద్దుకుంది. ఇన్నేళ్లయినా పోని మచ్చలున్న చేతులు. "గిట్ల. నీళ్లు కలుపని మందు. మీరు గట్టిగ ఒర్రిండ్రు."

సార్ ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయారు. వంటింట్లో ఛాయ్ పొంగిన చప్పుడు, మల్లక్క ఏదో గొణుక్కోవడం. "పిచ్చోడు" అన్నారు చివరికి, చాలా నెమ్మదిగా. "తోలుకు రాసుకున్నడు. నాకు పానం పోయినంత పనైంది." తర్వాత ఒక్కసారిగా వచ్చింది అంతా, వెంకట్రాజం, గట్టు, మబ్బు, వెనకాల నడిచిన జనం, ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోతున్నారు, నోటి ఒక పక్కనుంచి చొంగ కారుతున్నా తుడుచుకోకుండా నవ్వుతున్నారు. "ఆ చేన్ల పురుగు పడ్డదా బిడ్డా?"

"పడలే సార్. ఆ ఒక్క చేన్ల పడలే."

"మరి నేను మందు ల్యాబు దాటలేదనుకుంటున్న గదా." నవ్వు అట్లాగే ఉండి, మెల్లగా ముఖం మీద నుంచి దిగిపోయింది. ఎంతైనా సైన్సు మనిషి. "అయితె ఇది రాదు గదా."

"రాదు సార్."

"కంపెనీ వాడు చెయ్యడు."

"చెయ్యడు సార్." సార్ ఫైలు మీద నుంచి అరచెయ్యి తీసుకున్నారు. పెన్ను జేబులో పెట్టబోతే జారి కిందపడింది, మెహనాజ్ తీసి పెట్టింది. ఆయన ఆమె తలమీద చెయ్యి వేసి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు, ఆమె ల్యాబు మానిన నాడు నిలబడ్డట్టే. తప్పు చేశానా అని అడగాలనిపించింది, అడగలేదు. మల్లక్క రెండు కప్పుల ఛాయ్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"జానీ మియాను చూసి మస్తు రోజులైంది" అన్నారు సార్. "మంచిగున్నడా మీ అబ్బ?"

మల్లక్క గుమ్మంలోనే ఆగిపోయింది. నిజం చెప్పే ఓపిక ఇవ్వాళ్టికి ఒక్కదానికే సరిపోయింది. మెహనాజ్ చున్నీ అంచు కిందికి దింపుకుంది.

"మంచిగున్నడు సార్" అంది.

మల్లక్క లోపలికి వచ్చి, ఛాయ్ కప్పులు బల్ల మీద పెట్టి, నీలం ఫైలును పక్కకు జరిపింది.